విద్యార్థులు తగ్గారు, 1970ల నాటి బ్లాకులు పాడవుతున్నాయి: మరమ్మతా, మూసివేతా, కూల్చివేతా?

ఎస్టేట్_విభాగం
సముద్రానికి దగ్గర్లో ఉన్న యూనివర్సిటీ. మూడు ఆర్‌సీసీ బ్లాకులు, అన్నీ జీ+2. పీజీ సీట్లు సగం కూడా నిండడం లేదు. రెండు బ్లాకుల్లో స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. ఉన్న నిధులు మూడింటికీ పంచాలని కొందరు, ఒక బ్లాకు ఖాళీ చేయాలని కొందరు అంటున్నారు. ఏ లెక్కతో తేల్చాలి?

గదిలెక్క
ముందు టైంటేబుల్ తీయండి. ఒక్కో గది వారానికి 36 గంటల్లో ఎన్ని గంటలు నడుస్తోంది, నడిచినప్పుడు ఎంత నిండుతోంది, ఈ రెండూ గుణించాలి. 18 గంటలు నడిచి, 60 సీట్లలో 24 మంది కూర్చుంటే అసలు వాడకం 20 శాతమే. హాజరు పట్టీ మీద ఆధారపడకుండా రెండు వారాలు మనిషిని పెట్టి తలలు లెక్కపెట్టించండి.

మూడు బ్లాకులూ సగం సగం నడిపితే వాచ్‌మన్, పంపు, లైట్ల ఖర్చు సగం కాదు. ఒకటి పూర్తిగా ఖాళీ చేస్తేనే మిగులు. అడ్డొచ్చేవి ల్యాబులు: ఫ్యూమ్ హుడ్లు (విషవాయువులను బయటికి లాగే గూళ్లు), గ్యాస్ లైన్లు, యాసిడ్ పోయే గొట్టాలు తరలించడం చాలా ఖరీదు. అందుకే ల్యాబుల బ్లాకు ఉంచి, క్లాసులను అందులోకి తేవడం మేలు.

తీరం_కాంక్రీట్
పరీక్షలు కాకుండా ఏ బ్లాకన్నది ఖరారు చేయొద్దు సార్. రీబౌండ్ హామర్ (కాంక్రీటును కొట్టి, వెనక్కి ఎగిరే తీరును బట్టి బలం అంచనా వేసే పరికరం) ఒక్కదాన్నే నమ్మితే మోసపోతారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి చేరే కార్బొనేషన్‌తో పైపొర గట్టిపడి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. కాంక్రీటులోంచి ధ్వని తరంగం వెళ్లే అల్ట్రాసోనిక్ వేగం సెకనుకు 3.5 కి.మీ. లోపు వచ్చిన చోట కోర్లు (డ్రిల్‌తో తీసే గుండ్రటి కాంక్రీటు నమూనాలు) తీయించండి. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మూడు కోర్ల సగటు, ఆ కాంక్రీటు గ్రేడుకు ఉండాల్సిన బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

అప్పుడే పగలగొట్టిన ముక్క మీద ఫినాల్ఫ్తలీన్ చల్లండి, కార్బొనేషన్ ఎంత లోతుకు వెళ్లిందో రంగుతో చూపే ద్రావణం ఇది. గులాబీ రంగు రాని లోతు చువ్వ దాకా చేరితే దానికి రక్షణ పోయినట్టే. మీది తీరం కాబట్టి ఇది చాలదు: రంగు వచ్చినా సముద్రపు ఉప్పులోని క్లోరైడు చువ్వను తినేస్తుంది. వేర్వేరు లోతుల్లో డ్రిల్ పొడి తీసి క్లోరైడు చూడాలి.

మరమ్మతు ఎక్కువగా చెడేది ఇక్కడే: వేలాడే పెచ్చు రాల్చి సిమెంటు పూస్తారు, లోపల తుప్పు ఉబ్బి మళ్లీ ఊడుతుంది. చువ్వ వెనక సుమారు 20 మి.మీ. దాకా చెక్కి, ఇనుము మెరిసేలా రుద్ది, పాలిమర్ మోర్టార్ వేయాలి. క్లోరైడు ఉన్న కాంక్రీటులో ప్యాచ్ అంచు పక్కనే కొత్త తుప్పు మొదలవుతుంది. అలాంటి క్లోరైడు చాలా చోట్ల కనిపిస్తే ఆ బ్లాకుకు డబ్బు పెట్టడం నా దృష్టిలో తప్పు. ఏది చేసినా ముందు టెర్రస్ లీకు ఆపండి.

ఎస్టేట్_విభాగం
ఖాళీ బ్లాకులో లైబ్రరీ పుస్తకాలు దాచొచ్చా?

తీరం_కాంక్రీట్
నేరుగా వద్దు. తరగతి గదికి డిజైన్ లోడు చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు (సుమారు 300 కిలోల బరువు), పుస్తకాల ర్యాక్‌లకు కనీసం 6. పై అంతస్తుల్లో అసలు పెట్టొద్దు.

మూసినబ్లాకు
తాళం వేసి వదిలితే రెండు వానాకాలాల్లో పాడవుతుంది. ట్యాంకులు ఖాళీ చేయండి, కరెంటు మెయిన్‌లోనే తీయండి. నీళ్లు పోయక టాయిలెట్ ట్రాప్‌లు (నీరు నిలిచి వాసన ఆపే వంపు గొట్టాలు) ఎండి మురుగు వాయువు లోపలికొస్తుంది, బిరడాలు బిగించండి. టెర్రస్ నీటి గొట్టాలు వానలకు ముందు, మధ్యలో శుభ్రం చేయాలి. రావి మొలక కనిపిస్తే వేరుతో సహా పీకాలి. గాలి ఆడేలా కిటికీలకు జాలీ పెట్టండి, పావురాలు రాకుండా. పాత షెడ్ల మీద ఆస్‌బెస్టాస్ రేకులుంటే పగలగొట్టనివ్వొద్దు, తడిపి పూర్తి రేకుగానే దింపించండి.