తెలంగాణల రైతు భరోసా (సర్కారు ఇచ్చే పంట పెట్టుబడి సాయం) పైసలు పట్టాదారుకే పడ్తున్నయి. కౌలుకు చేసేటోళ్లు ఎట్ల చేస్తున్నరు?

మానుకోట మిర్చి:
మాకు సొంతం 2 ఎకరాలు, అమ్మ పేరు మీద. ఇంకో 3 ఎకరాలు నాయిన ఏడేండ్ల సంది కౌలుకు పట్టి మిర్చి పెడ్తుండు. 2025 జూన్‌ల రైతు భరోసా పడ్డది, ఎకరాకు 6 వేల లెక్కన మాకు 12 వేలు. కౌలు భూమి 18 వేలు హైదరాబాదుల ఉండే పట్టాదారు ఖాతాల పడ్డయి. ఆయన ఫోన్ చేసి చెప్పినప్పుడు నాయిన అదే చేన్ల దుక్కి దున్నిపిస్తుండు. ఎకరాకు 20 వేల కౌలు ఉగాదికే కట్టినం. మీ దిక్కు ఎట్లుంది? ఇంకోటి, అమ్మకు పీఎం కిసాన్ 2 వేలు మూడు విడతల సంది పడ్తలేవు. ఎవరికన్న తెలిస్తే చెప్పున్రి.

పాలకుర్తి పత్తిచేను:
అన్నా, 2018 మే నెలల రైతుబంధు అని మొదటిసారి ఎకరాకు 4 వేల చెక్కు ఇచ్చినప్పుడు మా తాత దాన్ని కొత్త పాసుబుక్కు నడుమ పెట్టి, తువ్వాలల చుట్టుకొని బ్యాంకుకు పోయిండు. ఆ యేడు విత్తనాలకు షావుకారు కాడ చెయ్యి చాపలే. అందుకని ఈ పథకం వద్దని నేను ఎన్నడు అన. కానీ 4 వేలు 5 అయినయి, 2025 జనవరి 26 నుంచి 6 అయినయి, పేరు రైతు భరోసా అని మారింది, కౌలుదారు మాత్రం లెక్కలకు రాలే. మేము ఇప్పుడు కౌలు మాట్లాడేటప్పుడే, భరోసా పడితే అంత కౌలుల తగ్గియ్యాలె అని పెద్దమనుషుల ముందట అడుగుతున్నం. ఇద్దరు ఒప్పుకున్నరు. ఒకాయన ఒప్పుకోలే, ఆయన భూమి ఇడిసిపెట్టినం.

తెనాలి వరిమడి:
మా ఆంధ్రాలో కౌలు రైతుకు కార్డు ఉందండి, సీసీఆర్సీ అంటారు, అంటే పంట సాగుదారు హక్కు పత్రం. 2019 చట్టం కింద 11 నెలలకు ఇస్తారు. కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. మా ఆయన కాగితం పట్టుకుని రెండుసార్లు వెళ్లారు. మొదటిసారి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ‘చూద్దాంలే’ అన్నారు. రెండోసారి గేటు దగ్గరే, ‘సంతకం పెడితే రేపు పొలం మాదంటారు’ అన్నారు. ఆ కార్డుతో భూమి మీద హక్కేమీ రాదు, పంట మీదే. పదిహేనేళ్లుగా ఆ గట్టు మీద అన్నం తింటున్న మనిషిని అంత మాట అనడమే నాకు డబ్బు రాకపోవడం కంటే ఎక్కువ బాధ. 2025 ఆగస్టు 2న మా రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ కలిపి 7 వేలు ఊళ్లో పట్టాదారులకు పడ్డాయి. మేము ఆ వారం ఎరువుల కొట్లో అప్పు రాయించుకున్నాం.

నెట్‌సెంటర్ తమ్ముడు:
మానుకోట అన్నా, పీఎం కిసాన్ సైట్ల అమ్మ స్టేటస్ తియ్యి. ఈకేవైసీ (ఆధార్‌తోని గుర్తింపు), ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు జోడించుడు), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ జోడించుడు) అని మూడు ఉంటయి. ఏది ‘నో’ ఉందో అక్కడనే ఆగినట్టు. మూడూ ‘ఎస్’ ఉన్నా పైసలు కనిపిస్తలేవంటే ఆధార్ సైట్ల బ్యాంకు సీడింగ్ చూడు. నువ్వు ఇచ్చిన ఖాతాల కాదు, ఆధార్‌కు ఆఖరుసారి జోడించిన ఖాతాల పడ్తయి. మా సెంటర్‌కు వచ్చిన ఒక పెద్దమ్మ ఏడాది తిరిగింది. ఆమె పైసలన్ని ఉపాధి హామీ కూలికని ఎన్నడో తీసిన ఖాతాల పడి ఉన్నయి. ఇంకో ముచ్చట, భూమి 2019 ఫిబ్రవరి 1 తర్వాత అమ్మ పేరు మీదికి వచ్చిందా? గిఫ్టు, కొనుగోలు అయితే పీఎం కిసాన్ రాదు. చనిపోయినోళ్ల నుంచి వారసత్వంగ వస్తేనే వస్తది.

మానుకోట మిర్చి:
తమ్మీ, భూమి అమ్మమ్మ పోయినంక వచ్చింది, దాంతోని ఇబ్బంది లేదు. స్టేటస్ తీసినం, మూడూ ‘ఎస్’ ఉన్నయి. ఆధార్ సైట్ల మాత్రం వేరే బ్యాంకు పేరు చూపిస్తుంది. అడిగితే అమ్మ సందూకల నుంచి పాత పాసుబుక్కు తీసింది, మహిళా సంఘం లోన్ తీసుకున్నప్పుడు తీసిన ఖాతా, 2016 తర్వాత ఎంట్రీ కొట్టించలే. సోమవారం ఆమెను తోలుకొని పోత.
తెనాలి అక్కా, పాలకుర్తి తమ్ముడు చెప్పినట్టు ఈసారి ఉగాదికి మేము గుడ పెద్దమనుషుల ముందట అడుగుతం. నాయిన అడగడు, నేనే అడుగుత.