పాత .450 డబుల్ రైఫిల్‌కి లోడ్ (తూటాలో పౌడర్ మోతాదు) కుదరట్లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అన్నలూ, నేను టెక్సస్‌లో ఉంటా. వందేళ్ళు దాటిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ డబుల్ రైఫిల్ (పక్కపక్కన రెండు బారెల్స్ ఉన్నది) ఒకటి కొన్నా, గన్‌స్మిత్‌కి చూపించాకే కాలుస్తున్నా. 1898లో రిగ్బీ తెచ్చిన తూటా కదా, అప్పట్లో 480 గ్రెయిన్ల (చిన్న బరువు కొలత) బుల్లెట్, 70 గ్రెయిన్ల కార్డైట్ (అప్పటి పొగరాని పౌడర్), సెకనుకి 2150 అడుగులు, బారెల్స్ కూడా దానికే రెగ్యులేట్ చేశారు, అంటే రెండూ ఒకే చోట తగిలేలా సర్దారు. నేను తూటాలు సొంతంగా నింపుకుంటూ, రీలోడింగ్ మాన్యువల్లో కనిష్ఠ లోడ్‌తో మొదలెట్టి మెల్లగా పెంచుకుంటూ వచ్చా, క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ స్పీడ్ కొలిచేది) సెకనుకి 2030 అడుగులు చూపిస్తోంది కానీ 50 గజాల్లో కుడి బారెల్‌ది కుడికి, ఎడమది ఎడమకి పోయి మధ్యలో నాలుగంగుళాల ఎడం వస్తోంది. స్పీడ్ తక్కువైతే బుల్లెట్ బారెల్లో ఎక్కువసేపు ఉండి రీకాయిల్‌కి ఇలా విడిపోతాయని తెలుసు, అయినా ఇంత పాత స్టీలు మీద ప్రెషర్ పెంచాలంటే భయమేస్తోంది. పౌడర్ మార్చాలా, కేసులో (తూటా గొట్టంలో) పౌడర్ పైన మిగిలిన ఖాళీకి ఫోమ్ ఫిల్లర్ పెట్టాలా? ఇలాంటిది నిజంగా సెట్ చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, దీన్ని పాడుచేసుకోలేను.