కారులో వచ్చిన నావిగేషన్ మ్యాప్‌ను షోరూమ్‌లో అప్‌డేట్ చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అనంత క్లచ్ (అనంతపురం):

అందరికీ నమస్తే. నాది 2017 మోడల్ సెడాన్, పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. కంపెనీ స్క్రీన్‌లోనే నావిగేషన్ ఉంది, మ్యాప్ ఎస్‌డీ కార్డులో ఉంటుంది. బండి ఎక్కువగా నడిపేది మా నాన్న. ఫోన్ స్టాండులో పెట్టుకుని చూస్తూ నడపడం ఆయనకు అస్సలు నచ్చదు, స్క్రీన్ మీద పెద్ద బాణం కనిపిస్తే చాలంటారు. ఆ బాణమేమో చాలా చోట్ల రోడ్డు వదిలేసి పొలాల్లో పోతుంటుంది. కొత్త బైపాస్ ఎక్కితే చాలు, వెనక్కి తిరగమని మొదలుపెడుతుంది, ఆపేదాకా అదే గోల. కర్నూలు ఎయిర్‌పోర్టు అని వెతికితే అసలు లేదు.

సర్వీసుకు ఇచ్చినప్పుడు మ్యాప్ అప్‌డేట్ చేయమని చెప్పా. సాయంత్రం "అయిపోయింది సార్" అన్నారు, బిల్లులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అని ఒక లైను వేసి డబ్బు కూడా తీసుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే మెనూ రంగులు మారాయి, మ్యాప్ మాత్రం అదే. మళ్లీ పోయి అడిగితే మ్యాప్ వేరే అట, కార్డు పైనుంచి రావాలట, ముందు అడ్వాన్స్ కట్టాలట, ఎంతనేది కార్డు వచ్చాక చెప్తారట. ఇదేం లెక్కప్పా? ఇంకో మాట, జీపీఎస్ యాంటెన్నా కూడా పాడై ఉండొచ్చు, మార్చి చూద్దాం అంటున్నారు. ఎవరైనా ఇట్లా కార్డు తెప్పించి వేయించుకున్నారా? డబ్బుకు తగ్గట్టు ఉంటుందా?

కందనవోలు స్టీరింగ్ (కర్నూలు):

అన్నా, ముందు యాంటెన్నా సంగతి వదిలేయండి. బాణం పొలాల్లో పోతోందంటే యాంటెన్నా బాగానే ఉందని అర్థం. మీ బండి నిజంగా ఎక్కడుందో అది సరిగ్గానే చూపిస్తోంది, అక్కడ రోడ్డు వేసిన విషయమే మ్యాప్‌కు తెలియదు. మామూలుగా సిస్టమ్ ఏం చేస్తుందంటే, ఉపగ్రహాల నుంచి వచ్చిన స్థానాన్ని తీసుకుని దగ్గర్లో తనకు తెలిసిన రోడ్డు మీదికి బాణాన్ని జరిపి చూపిస్తుంది. దగ్గర్లో ఏ రోడ్డూ దొరక్కపోతే ఉన్నచోటే వదిలేస్తుంది, అప్పుడు మనకు పొలంలో ఉన్నట్టు కనపడుతుంది. యాంటెన్నా పోతే బాణం కదలకుండా ఆగిపోవడమో, ఎక్కడో వేరే వీధిలోకి ఎగిరిపోవడమో జరుగుతుంది. దాన్ని మార్చడానికి రూపాయి ఇవ్వకండి.

రెండోది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంటే మ్యాప్ అప్‌డేట్ కాదు. బ్లూటూత్, రేడియో, మెనూలు, టచ్ ఇవన్నీ సిస్టమ్ సాఫ్ట్‌వేర్. రోడ్లు, ఊర్లు, బంకులు, స్పీడ్ లిమిట్లు మ్యాప్ డేటా. రెండింటికీ వెర్షన్ నంబర్లు వేర్వేరుగా ఉంటాయి, సెట్టింగ్స్‌లో సిస్టమ్ సమాచారం అనే చోటో, నావిగేషన్ మెనూ లోపలో దొరుకుతాయి. సర్వీస్ అడ్వైజర్‌కు చాలాసార్లు ఈ తేడా తెలియదు, తెలిసినా లాప్‌టాప్ తగిలించి మొదటిది చేసేసి పంపిస్తే ఆయన పని అయిపోయినట్టే. అందుకే బండి ఇచ్చే ముందు మ్యాప్ వెర్షన్ కనిపించేలా స్క్రీన్‌ను ఫోటో తీసుకోండి. జాబ్ కార్డులో (బండి తీసుకునేటప్పుడు వాళ్లు రాసే పని చీటీ) "నావిగేషన్ చూడాలి" అని కాకుండా "మ్యాప్ డేటా అప్‌డేట్, ఇప్పుడున్న వెర్షన్ ఇది" అని నంబరుతో సహా రాయించండి. బండి తీసుకునేటప్పుడు ఆ నంబరు మారకపోతే బిల్లు కట్టే పని లేదు.

ఇక అసలు విషయం. కొత్త కార్డు అంటే నిన్నటి మ్యాప్ అనుకోకండి. మ్యాప్ కంపెనీ రోడ్లు సర్వే చేసి, కారు కంపెనీ దాన్ని తన సిస్టమ్‌లో పరీక్షించి, కార్డులోకి ఎక్కించి, అది పార్ట్స్ గోడౌన్ దాటి మన ఊరు చేరేసరికి లోపలి డేటా పాతబడే ఉంటుంది. ఎంత పాతదో తెలుసుకోవడానికి మన సీమలోనే మంచి గుర్తులున్నాయి. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు, అంటే మీరు వెతికిన కర్నూలు ఎయిర్‌పోర్టే, అక్కడి నుంచి విమానాలు మొదలైంది 2021 మార్చిలో. జిల్లాలు విడగొట్టింది 2022 ఏప్రిల్‌లో. షోరూమ్‌లో అదే మ్యాప్ వేసిన బండి ఏదన్నా ఉంటే స్క్రీన్ ఆన్ చేయించి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు వెతకండి, పుట్టపర్తి ఏ జిల్లా కింద వస్తోందో చూడండి. ఇంకా అనంతపురం జిల్లా అనే చూపిస్తే ఆ కార్డు మీకొద్దు. ఎయిర్‌పోర్టు పేరు ఉన్నంత మాత్రాన చుట్టుపక్కల రోడ్లన్నీ ఉన్నాయని కాదు, కాబట్టి మీ నాన్నగారు రోజూ తిరిగే బైపాస్ ఒకటి కూడా చూసుకోండి.

గండికోట గేర్ (కడప):

నన్నడిగితే మొత్తం దండగ. మా మామ దగ్గర ఒక పాత పెద్ద బండి ఉంది, దాంట్లో ఇప్పటికీ హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ కిందే ఉంది! కడప నుంచి కర్నూలు పోయే రోడ్డును నేషనల్ హైవే 18 అంటుంది, దారిలో బోర్డుల మీదేమో 40 అని ఉంటుంది. కంపెనీవాళ్లను అడిగితే ఆ మోడల్‌కు మ్యాప్‌లు రావడం ఆగిపోయింది అన్నారు, అంతే కథ. బండి పదిహేనేళ్లు నడుస్తుంది, మ్యాప్‌ను నాలుగైదేళ్లకే వదిలేస్తారు. దానికి మనం వేలు పోసి వెంటపడటం దేనికి? ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మన సీమ జిల్లాలన్నీ, బెంగళూరు దాకా రోడ్డూ ఆఫ్‌లైన్‌కు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సిగ్నల్ లేకపోయినా దారి చూపిస్తుంది. ట్రాఫిక్ రంగులు కనపడవు, అంతకుమించి లోటు లేదు.

కారు మ్యాప్ పనికొచ్చేది ఏదన్నా ఉందంటే నల్లమలలో. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు పోయేటప్పుడు ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటి కూడా ఉండదు, కారు మ్యాప్‌కు నెట్‌తో పని లేదు కాబట్టి నడుస్తూనే ఉంటుంది. కానీ రాత్రిపూట అక్కడ అటవీ చెక్‌పోస్టు మూసేస్తారన్న సంగతి దానికెట్లా తెలుస్తుంది? శ్రీశైలానికి నేరుగా దారి చూపించి గేటు ముందు నిలబెడుతుంది. ఏ మ్యాప్ అయినా బుర్ర కూడా వాడాల్సిందే.

అనంత క్లచ్:

కందనవోలు అన్నా, ఫోటో తీశా. మ్యాప్ డేటా 2016 అని ఉంది, మొన్న మారింది సాఫ్ట్‌వేర్ వెర్షన్ మాత్రమే. గండికోట బ్రో, నువ్వు చెప్పేది నాకు సరే, నాన్నకు ఎవరు చెప్పాలి? నా బండిలో ఆండ్రాయిడ్ ఆటో కూడా లేదు, ఉంటే ఫోన్ మ్యాపే స్క్రీన్ మీదికి తెచ్చేసేవాణ్ని. ఇక్కడ సప్తగిరి సర్కిల్ వైపు ఒక కార్ డెకార్ షాపులో ఇదే బండిది కొత్త మ్యాప్ కార్డు కాపీ చేసిస్తామన్నారు, చాలా తక్కువకే. లేదంటే స్క్రీన్ మొత్తం తీసేసి ఆండ్రాయిడ్ స్టీరియో పెడతామన్నారు. ఎవరన్నా ఈ దారిలో పోయారా?

మాజీ అడ్వైజర్ (కర్నూలు):

నేను ఇదివరకు ఒక షోరూమ్ సర్వీసులో చేశాను కాబట్టి అటువైపు నుంచి చెప్తా. కాపీ కార్డు జోలికి పోకండి. చాలా కంపెనీల కార్డులు ఆ స్క్రీన్ యూనిట్‌తో ముడిపడి ఉంటాయి. కాపీ పెడితే కార్డు చెల్లదు అనో, యాక్టివేషన్ కోడ్ ఇవ్వు అనో వస్తుంది. అంతకంటే ప్రమాదం, కాపీ చేసేవాడు మీ ఒరిజినల్ కార్డును కంప్యూటర్‌లో పెట్టి పొరపాటున ఫార్మాట్ కొట్టాడంటే ఉన్న మ్యాప్ కూడా పోతుంది. ఆండ్రాయిడ్ స్టీరియో బాగానే ఉంటుంది కానీ మీ బండిలో రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు ఆ స్క్రీన్‌కే కలిపి ఉంటాయి. వైర్లు కోయకుండా, సరైన కప్లర్‌తో (వైర్లు కలిపే సాకెట్) బిగించేవాడు దొరికితేనే ఆలోచించండి.

ధర తర్వాత చెప్తామనడం కుదరదు. మ్యాప్ కార్డు కూడా బ్రేక్ ప్యాడ్ లాంటి ఒక స్పేర్ పార్టే, దానికి పార్ట్ నంబర్ ఉంటుంది, పార్ట్స్ కౌంటర్‌లో కంప్యూటర్ నొక్కితే ఎంఆర్‌పీ కనపడుతుంది. అడ్వైజర్‌తో మాట్లాడకుండా నేరుగా పార్ట్స్ కౌంటర్‌కే పోండి. ఛాసిస్ నంబర్ ఇచ్చి, ఈ బండికి సరిపోయే మ్యాప్ కార్డు నంబర్ ఏది, ఇప్పుడు సప్లై ఉందా, ఆగిపోయిందా అని అడగండి. ఆగిపోయిందంటే అడ్వాన్స్ కట్టొద్దు, ఆ డబ్బు నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఉందంటే పార్ట్ నంబర్, ధర రాసిన ఎస్టిమేట్ తీసుకుని అప్పుడు కట్టండి. వాళ్లు తేల్చకపోతే ఓనర్స్ మాన్యువల్‌లో కంపెనీ కస్టమర్ కేర్ వివరాలుంటాయి. ఛాసిస్ నంబర్, మ్యాప్ వెర్షన్, ఆ సాఫ్ట్‌వేర్ బిల్లు ఫోటో పెట్టి మెయిల్ కొట్టండి. కంపెనీ నుంచి షోరూమ్‌కు ఫోన్ పోతే కదలిక వేరేగా ఉంటుంది, అది లోపల కూర్చుని చూసినవాడిగా చెప్తున్నా.

సెకండ్ హ్యాండ్ బండి అన్నారు కదా, కంపెనీ రికార్డులో మీ పేరూ ఫోన్ నంబరూ మార్పించారా? ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చినా వాళ్ల సిస్టమ్‌లో పాత ఓనరే ఉంటాడు, యాక్టివేషన్ కోడ్ గానీ ఓటీపీ గానీ వస్తే ఆయన ఫోన్‌కు పోతుంది. ముందు ఆ పని చేయించండి.

ఈ మధ్య బండ్లు తీసుకున్నవాళ్లకు ఇంత తలనొప్పి లేదు. కొన్ని కంపెనీలు వెబ్‌సైట్‌లోనే మ్యాప్ పెడతాయి, పెన్ డ్రైవ్‌లోకి దించుకుని మనమే ఎక్కించుకోవచ్చు. ఇంకొన్నింటిలో బండిలోని సిమ్ ద్వారా దానంతట అదే దిగుతుంది, ఆ సిమ్‌కు కట్టే కనెక్టెడ్ ప్లాన్ గడువు ఉన్నంతవరకే. పెన్ డ్రైవ్‌తో చేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి బండిని బయట గాలి తగిలే చోట నిలపండి, మూసిన షెడ్డులో వద్దు. మధ్యలో ఆపితే స్క్రీన్ అక్కడే ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది.

గండికోట గేర్:

పార్ట్స్ కౌంటర్ ఐడియా బాగుంది సార్, మా మామ బండికి కూడా అడిగి చూస్తా. ఆశ లేదనుకోండి.

అనంత క్లచ్:

చాలా థ్యాంక్స్ సార్. పేరు మార్పించలేదు, సోమవారం ఆర్‌సీ జిరాక్స్ తీసుకుని పోతా. ఒక డౌట్, కొత్త కార్డు వేస్తే పాత కార్డు వాళ్లకు తిరిగి ఇచ్చేయాలా?

మాజీ అడ్వైజర్:

కొత్త కార్డు కొంటే పాతది మీదే, అడిగి తీసుకుని డాష్‌బోర్డులో పెట్టుకోండి. పాత కార్డులోకే కొత్త డేటా ఎక్కిస్తామంటే మాత్రం, కార్డు తీసుకున్నట్టు జాబ్ కార్డులో రాయించి సంతకం పెట్టించుకోండి. నాన్నగారు సేవ్ చేసుకున్న చోట్లు చెరిగిపోవచ్చు, ముందే రాసిపెట్టుకోండి.