‘మీ లైక్ మ్యాంగో’: ఐ, మీ తేడా పిల్లలకు తెలుగుతో చెప్పాలా, పట్టిక బట్టీ పట్టించాలా?

సిరొంచ తల్లి:
అందరికీ నమస్తే. మాది మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ. మా బాబు జిల్లా పరిషత్ బడిలో ఐదో తరగతి, సెమీ ఇంగ్లీష్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గణితం ఇంగ్లీషులో. మొన్న పరీక్షలో ఇష్టమైన పండు గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. మొదటిదే ‘మీ లైక్ మ్యాంగో’ అని రాశాడు. తర్వాతది ‘మీ వాంట్ టూ మ్యాంగోస్’. మార్కులు పోతే పోయాయి, ఆ వాక్యాలు క్లాసులో అందరి ముందూ వాడితోనే చదివించారు. పిల్లలంతా నవ్వారట. ఇప్పుడు భయపడి ఎక్కడ చూసినా ‘ఐ’ రాస్తున్నాడు. ‘టీచర్ కాల్డ్ ఐ’, ‘గివ్ ఐ వాటర్’.

పట్టిక బట్టీ పట్టించండి, తెలుగును మధ్యలోకి తేవద్దు అని ట్యూషన్ సార్ అంటున్నారు. నేను పదో తరగతి దాకా చదివి, ఇంట్లో బ్లౌజులు కుడతాను. వాడికి ఏదైనా చెప్పాలంటే నాకు వచ్చింది తెలుగే. తెలుగుతో చెబితే వాడి ఇంగ్లీషు నిజంగా పాడవుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

ప్రాణహిత గురుజీ:
అమ్మా, నేను 37 ఏళ్ళు ప్రాథమిక బడుల్లో చెప్పి రిటైరయ్యాను. చేరినప్పుడు మనది ఇంకా చంద్రపూర్ జిల్లాయే, 1982లో గడ్చిరోలి వేరైంది. అప్పట్లో ఇంగ్లీషు ఐదో తరగతిలో మొదలయ్యేది. 2000 నుంచి ఒకటో తరగతికే వచ్చింది. రెండు పద్ధతులూ చూసినవాడిని కాబట్టి చెబుతున్నాను, పట్టికను మించిన దారి లేదు.

ఐ–మీ, హీ–హిమ్, షీ–హర్, వీ–అస్, దే–దెమ్. యూ, ఇట్ రెండు చోట్లా ఒకటే. మొత్తం ఏడు జతలు. పని చేసేవాడు మొదటి వరుస, ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్ళు రెండో వరుస. పక్కనే అర్థం రాయించండి: ఐ అంటే నేను, మీ అంటే నన్ను, నాకు. పొద్దున పదిసార్లు, రాత్రి పదిసార్లు చదవాలి. మీ ట్యూషన్ సార్ చెప్పింది సరైనదే.

రాజురా వాసి:
మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఫాలో అవుతున్నాను.

బల్లార్షా అక్క:
గురుజీ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, బాబు తప్పు మీ పట్టికలోనే ఉంది. ‘మీ అంటే నాకు’ అని నేర్పాం. వాడు ‘నాకు మామిడిపండు ఇష్టం’ అనుకున్నాడు. నాకు అంటే మీ, కాబట్టి ‘మీ లైక్ మ్యాంగో’. మరాఠీలో ఆలోచించినా అంతే, ‘మలా ఆంబా ఆవడతో’. మలా అంటే మీ. చెప్పింది చెప్పినట్టు పాటించిన పిల్లాడిని అందరి ముందు నిలబెట్టారు.

నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు కావాలి, నాకు జ్వరం వచ్చింది. తెలుగులో వీటన్నిటికీ ‘నాకు’. ఇంగ్లీషులో అన్నిటికీ ‘ఐ’: ఐ యామ్ హంగ్రీ, ఐ నో, ఐ వాంట్, ఐ హ్యావ్ ఫీవర్. తల్లి పక్కన కూర్చుని ఈ నాలుగూ తెలుగులో చెప్పి చూపించకపోతే పిల్లాడికి ఇది ఎప్పటికీ తెలియదు. నేను ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్ళుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. ప్రతి ఏడూ ఈ ‘నాకు’ దగ్గరే పడిపోతారు.

ఇంకోటి కూడా గమనించండి. మన పిల్లల చెవికి ‘మీ’ అనే శబ్దం మూడు రకాలుగా చేరుతుంది. తెలుగులో ‘మీ ఇల్లు’ అంటే ఎదుటివాళ్ళది. మరాఠీలో ‘మీ’ అంటే నేను. ఇంగ్లీషులో ‘మీ’ అంటే నన్ను. బడిలో రోజంతా ‘మీ జాతో, మీ ఖాతో’ అని వినే పిల్లాడు ‘మీ లైక్’ అని రాస్తే అందులో వింత లేదు. హైదరాబాద్ పిల్లలకు ఈ చిక్కు ఉండదు, మనకే ఉంటుంది.

ప్రాణహిత గురుజీ:
సరే అమ్మా, ‘టీచర్ నాకు పెన్ను ఇచ్చింది’ అన్నప్పుడు ఏం చెబుతారు? ‘టీచర్ గేవ్ మీ ఎ పెన్’. ఇక్కడ నాకు అంటే మీ కాదా? ఒక నాకు ఐ, ఇంకో నాకు మీ అంటే పదేళ్ళ పిల్లాడు ఏం పట్టుకోవాలి? తెలుగు తెస్తే ఈ అయోమయమే మిగులుతుంది. అందుకే వద్దంటున్నాను.

ధర్మాబాద్ తమ్ముడు:
నాదొక డౌట్. నాలుగేళ్ళ కింద ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్ళాను. తలుపు తడితే లోపలి నుంచి ‘హూ ఈజ్ ఇట్’ అన్నారు. ‘ఇట్ ఈజ్ మీ సర్’ అన్నాను. లోపలికి వెళ్ళగానే ‘ఇట్ ఈజ్ ఐ అనాలి, డిగ్రీ ఎలా పాసయ్యావు’ అని అడిగారు. ఆ తర్వాత వాళ్ళడిగిన వాటికి నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు మిర్చి మార్కెట్లో లెక్కలు రాస్తున్నాను. ఇట్ ఈజ్ మీ తప్పా, కాదా? ఎవరైనా ఖచ్చితంగా చెప్పండి.

బల్లార్షా అక్క:
గురుజీ, అయోమయం తీరే దారి ఉంది. వాక్యంలో పని చేసే వేరే మనిషి ఉన్నారా అని పిల్లాడు వెతకాలి. ‘టీచర్ నాకు ఇచ్చింది’లో ఇచ్చిన మనిషి టీచర్. ‘అమ్మ నాకు అన్నం పెట్టింది’లో అమ్మ. అప్పుడు నేను తీసుకునేవాడిని, కాబట్టి మీ. ‘నాకు ఆకలేస్తోంది’లో వేరే మనిషి ఎవరూ లేరు. ఆకలి నాది, కాబట్టి ఐ. ‘నాకు పాము కనిపించింది’ అన్నా చూసింది నేనే, ‘ఐ సా ఎ స్నేక్’. మొదటి వారం ఇంతే చాలు.

తమ్మీ, ఇట్ ఈజ్ మీ తప్పు కాదు. పాత వ్యాకరణాల్లో ఇట్ ఈజ్ ఐ రాసేవారు. ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్ళు మాటల్లో ఎక్కువగా ఇట్స్ మీ అంటారు. ఆ రోజు నువ్వు తప్పు మాట్లాడలేదు.

ధర్మాబాద్ తమ్ముడు:
అయితే ఆయన నన్ను అన్నది తప్పా? వ్యాకరణం ప్రకారం ఐ కదా. ఈజ్‌కు రెండు వైపులా ఒకే రూపం ఉండాలని నేనూ చదివాను. గురుజీ చెప్పాలి.

ప్రాణహిత గురుజీ:
వ్యాకరణం ప్రకారం ఇట్ ఈజ్ ఐ. నేనైతే పిల్లలకు అదే చెప్పేవాడిని. వాడుకలో ఉందని ఒక్కొక్కటీ వదులుకుంటూ పోతే చివరికి ఏమీ మిగలదు.

బల్లార్షా అక్క:
గురుజీ, ‘యూ’ సంగతి చూడండి. ఒకప్పుడు ఇంగ్లీషులో కర్తకు ‘యీ’, కర్మకు ‘యూ’ ఉండేవి. కర్త స్థానంలో యూ అనడం అప్పట్లో తప్పే. వాడగా వాడగా యీ పోయి యూ మిగిలింది. మీ పట్టికలో యూ రెండు వైపులా ఒకటేగా ఉండటానికి కారణం అదే. ‘మీథింక్స్’ అన్న పాత మాట షేక్స్‌పియర్ నాటకాల్లోనే ఉంది. దానికి ‘నాకు అనిపిస్తోంది’ అని అర్థం. మన నాకు లాంటి వాక్యం ఇంగ్లీషుకూ ఒకప్పుడు ఉండేది. మన పిల్లాడు రాసింది ఇప్పుడు చెల్లదు, మార్కు తీసేయాల్సిందే. కానీ అది తెలివితక్కువ తప్పు కాదు. నా బాధంతా అదే.

భయంతో చేసే తప్పులు ఇంకా మొండివి. ‘మీ’ రాస్తే తిట్టారని ‘గివ్ ఐ వాటర్’ రాసే పిల్లలే పెద్దయ్యాక ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అంటారు. చదువుకున్నవాళ్ళ నోట కూడా విన్నాను. బిట్వీన్ తర్వాత మీ రావాలి. ‘మై ఫ్రెండ్ అండ్’ తర్వాత ఐ రావాలా, మీ రావాలా అని సందేహం వస్తే ఫ్రెండ్‌ను తీసేసి చదివించండి. ‘ఐ వెంట్’ నిలబడుతుంది, ‘మీ వెంట్’ నిలబడదు.

ప్రాణహిత గురుజీ:
షేక్స్‌పియర్ మన పిల్లల పరీక్ష దిద్దడు. పదో తరగతి బోర్డు పేపర్ దిద్దే మనిషి పట్టిక చూస్తాడు. తెలుగు, మరాఠీ, పాత ఇంగ్లీషు అని నాలుగు వైపుల తిప్పితే బలహీనమైన పిల్లాడు మధ్యలోనే ఆగిపోతాడు. బడిలో తెలుగు ఉండకూడదన్నది నా అనుభవం.

అంకిస రైతు:
ఇన్ని రోజులూ చదివి ఊరుకున్నాను. ఈ చివరి మాటకు మాత్రం ఊరుకోలేను. గురుజీ, తెలుగు మాట్లాడినందుకు నన్ను రెండో తరగతిలో బెంచీ మీద నిలబెట్టారు. నిలబెట్టింది మీరో, ఇంకొకరో నాకు తెలియదు. నీళ్ళు తాగొస్తానని తెలుగులో అడిగాను, అంతే. ఆ రోజు నుంచి బడిలో నోరు తెరవలేదు, ఏడో తరగతిలో మానేశాను. మీరు ఐ, మీ అని కొట్లాడుతున్నారు. నేను, నన్ను అన్న మాటలనే నోట రానివ్వని బడిలో ఐ, మీ ఎక్కడి నుంచి వస్తాయి?

నా బిడ్డను పదేళ్ళకే గోదావరి దాటించి తెలంగాణ హాస్టల్లో వేశాను. పండుగలకు, ఎండాకాలం సెలవులకు వస్తుంది. మిగతా రోజులు వాళ్ళమ్మ దాని కంచం తీసి మళ్ళీ లోపల పెడుతుంది. మీ పట్టిక సరిపోయేదైతే నేను బిడ్డను దూరం చేసుకునేవాడిని కాదు.

రాజురా వాసి:
అన్నా, మనసు పిండేశారు. 2025లో ఒకటో తరగతి నుంచే హిందీ అని ఉత్తర్వులిచ్చి జూన్ 29న వెనక్కి తీసుకున్నారు. రాష్ట్రమంతా మరాఠీ గురించి మాట్లాడింది. మన ఇళ్ళలో మరాఠీయే రెండో భాష, ఇంగ్లీషు మూడోది అన్న మాట మాత్రం నాకు ఎక్కడా వినబడలేదు.

ధర్మాబాద్ తమ్ముడు:
నా ప్రశ్న మధ్యలో పోయింది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళ ముందు ఏది అనాలి?

ప్రాణహిత గురుజీ:
అంకిస బాబుకు జవాబు చెప్పాలి. రాత్రంతా ఆలోచించాను.

నేను ఏ పిల్లనూ బెంచీ ఎక్కించలేదు. కానీ క్లాసులో తెలుగు వద్దన్నాను, అది నిజం. పోలీసు స్టేషన్లో, తహసీల్దార్ ఆఫీసులో, బ్యాంకులో కాగితం రాయాలంటే మరాఠీ కావాలి. మా నాన్నకు రాదు. భూమి కాగితం మీద ఏముందో తెలియకుండా వేలిముద్ర వేసి రెండెకరాలు పోగొట్టుకున్నాడు. నా పిల్లలకు, నా బడి పిల్లలకు అది జరగకూడదనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను. అందుకు క్షమాపణ చెప్పలేను.

నేను తెలుగు రాయగలుగుతున్నానంటే నాన్న కాదు, మా అమ్మమ్మ పలక మీద దిద్దించింది కాబట్టి. నా కొడుకు పుణెలో ఉంటాడు, మంచి ఉద్యోగం. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ ముక్క వాడికి చూపించినా ప్రయోజనం లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

అంకిస రైతు:
మీ నాన్నగారి భూమి సంగతి చదివి బాధపడ్డాను గురుజీ. అయినా నేను ఒప్పుకోను. మరాఠీ నేర్పడానికి తెలుగును తీసేయనక్కర లేదు. నేను మార్కెట్లో మరాఠీ మాట్లాడతాను, అది బడి నేర్పింది కాదు.

బల్లార్షా అక్క:
నేను పనిచేసే చోట తెలుగులో వివరిస్తే నోటీసు ఇస్తామన్నారు. తలుపు వేసుకుని, గొంతు తగ్గించి చెబుతాను. పిల్లలకు అర్థం కావడం వాళ్ళ ముఖంలో తెలుస్తుంది. దాన్ని ఎలా మానుకోను గురుజీ?

సిరొంచ తల్లి:
నాలుగు రోజులైంది, చెబుదామని వచ్చాను. అక్క చెప్పినట్టు కుట్టుమిషన్ పక్కనే కూర్చోబెట్టుకుని తెలుగు వాక్యాలు చెప్పాను. ‘పని చేసిన వేరే మనిషి ఉన్నారా?’ అని అడిగితే వాడే వెతికాడు. పట్టిక కూడా గోడకు అంటించాను గురుజీ, పొద్దున ఒకసారి చదువుతాడు. నిన్న సొంతంగా పది వాక్యాలు రాశాడు. ‘ఐ లైక్ మ్యాంగో. అమ్మ గేవ్ మీ రైస్. ఐ యామ్ హంగ్రీ. దాదా కాల్డ్ మీ.’ ఇలా ఎనిమిది సరిగ్గా వచ్చాయి. రెండు తప్పాడు: ‘హర్ ఈజ్ మై సిస్టర్’, ‘ఐ ప్లే విత్ షీ’.

‘హర్ మదర్’లో హర్ ముందు వస్తుంది కదా, మరి ‘హర్ ఈజ్’ అంటే ఎందుకు తప్పు అని అడుగుతున్నాడు. నాకు చెప్పడం రాలేదు.

ప్రాణహిత గురుజీ:
మంచి ప్రశ్న అడిగాడు. హర్ రెండు పనులు చేస్తుంది, ‘ఆమెను’ అదే, ‘ఆమె యొక్క’ అదే. మగవాడికైతే హిమ్, హిజ్ అని వేరువేరుగా ఉంటాయి. అందుకని ముందు హిమ్‌తో వాక్యం చెప్పించి, తర్వాత అదే వాక్యంలో హర్ పెట్టించండి. ‘హిమ్ ఈజ్’ అని వాడు అనడు కదా, ‘హర్ ఈజ్’ కూడా అనకూడదని పట్టుకుంటాడు. ‘ప్లే విత్ హిమ్’ అంటాడు కాబట్టి ‘ప్లే విత్ హర్’ కూడా వచ్చేస్తుంది.

పట్టికలో ఇంగ్లీషు ‘మీ’ పక్కన రాయించిన ‘నాకు’ను కొట్టేయండి. ‘నన్ను’ ఉంచండి.