అప్‌డేట్: పర్లాకిమిడి షాపు సర్వర్‌లో చివరికి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) పెట్టామంటే

పర్లాకిమిడిలో మా మందుల హోల్‌సేల్ షాపు బిల్లింగ్ సర్వర్ సెంటోస్ 7 అనే లినక్స్ ఓఎస్ మీద నడుస్తోంది, విండోస్ సర్వర్‌కి మారాలా, లినక్స్‌లోనే ఉండాలా అని ఇంతకుముందు ఇక్కడే ఒక పోస్టులో అడిగాను. సెంటోస్ 7కి 2024 జూన్ 30తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి, నా భయమంతా అదే.

చివరికి లినక్స్‌లోనే ఉండి, ఆల్మాలినక్స్ 9 పెట్టాం. సెక్యూరిటీ అప్‌డేట్లు 2032 మే వరకు వస్తాయి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఎడిషన్ అయితే లైసెన్స్ కాక, వాడే ఒక్కో మనిషికో మెషిన్‌కో క్యాల్ (సర్వర్‌ని వాడుకోవడానికి ఇచ్చే అనుమతి) విడిగా కొనాలి. పదకొండు కంప్యూటర్లున్న మాకు అది భారమే. ట్యాలీకి విండోస్ కావాలి కాబట్టి దాన్ని అకౌంటెంట్ గారి పీసీలోనే ఉంచేశాం.

బ్యాకప్‌ని ముందు పాత డెస్క్‌టాప్‌లో రీస్టోర్ చేసి (తిరిగి ఎక్కించి) చూడమని మీరు అన్నారు చూడండి, ఆ మాటే మమ్మల్ని కాపాడింది. తెలుగు పేర్లు, ఒడియా పేర్లు అన్నీ వరసగా ప్రశ్నార్థకాలే! నాన్నగారు స్క్రీన్ చూసి కుర్చీలో కూలబడిపోయారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి డంప్ (డేటా మొత్తం కాపీ) తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాల్ని ఏ కోడ్‌లో రాయాలో చెప్పే సెట్టింగ్, తప్పు పడిందట. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అని ఇచ్చి మళ్లీ తీస్తే పేర్లన్నీ చక్కగా వచ్చాయి. అదే నేరుగా అసలు సర్వర్ మీద చేసుంటే?

ఆదివారం రాత్రి మార్చాం. సోమవారం పొద్దున్నే గుణుపురం ఆర్డరుకి మొదటి బిల్లు కొట్టాం. ఓపిగ్గా చెప్పిన అందరికీ పేరుపేరునా దండాలు.