వాల్వు మార్చిన అమ్మకు పన్ను తీయించాలి, ఎసిట్రోమ్ ఆపాలా?

కట్టమంచి వాసి:
అమ్మకు 61 ఏళ్లు. తిరుపతిలో గుండె ఆపరేషన్ చేసి మైట్రల్ కవాటం మార్చారు. లోహపు వాల్వు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటుంది. ఇప్పుడు కింది దవడ పన్ను పుచ్చి చెంప వాచింది. చిత్తూరులో చూపిస్తే మందులు రాసి, చీటీ వెనుక ‘ఎసిట్రోమ్ 5 రోజులు ఆపి రండి’ అన్నారు. గుండె డాక్టరును అడగకుండా ఆపవచ్చా? పోయిన నెల ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే రక్తపరీక్ష) 2.9.

బైరాగిపట్టెడ పళ్ల డాక్టరు:
ఆపకండి. పన్ను తీసిన చోట రక్తం కారితే నా కళ్లముందే కారుతుంది. గాజుగుడ్డ పెట్టి నొక్కుతాను, కుట్టు వేస్తాను. మాత్ర మానేస్తే వాల్వు మీద కట్టే గడ్డ ఎవరికీ కనపడదు. అది మెదడుకు చేరితే పక్షవాతం. కారే రక్తానికి భయపడి ఈ ప్రమాదాన్ని కొనితెచ్చుకునేవాళ్లు మా వృత్తిలో ఇంకా ఉన్నారు.

పోయిన నెల అంకె నాకు పనికిరాదు. పన్ను తీసే ముందు రోజు మళ్లీ ఐఎన్‌ఆర్ చేయించండి. ఈ రకం వాల్వుకు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. ఆ పరిధిలో ఉంటే మాత్ర ఆపకుండానే ఒక పన్ను తీస్తాం. వారం మొదట్లో, ఉదయం పూట పెట్టుకోండి. రాత్రి మళ్లీ రక్తం వచ్చినా మర్నాడు డాక్టరు దొరుకుతారు, ఆదివారం తలుపులు తట్టే పని ఉండదు.

ఇంకొకటి, దీన్ని చాలామంది మరిచిపోతారు. పన్ను తీసేటప్పుడు నోటిలోని క్రిములు రక్తంలో కలిసి కృత్రిమ వాల్వును పట్టుకోవచ్చు. అందుకే అరగంట నుంచి గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు నాలుగు, ఒకేసారి ఇస్తాం. ఇది పెన్సిలిన్ రకం, అది పడనివారికి వేరే మందు. దానికి బదులుగా ఒకప్పుడు రాసిన క్లిండమైసిన్‌ను 2021లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వద్దంది.

కొంగారెడ్డిపల్లె మందుల షాపు:
పంటి నొప్పి అనగానే మెట్రోనిడజోల్ కలిపి ఇవ్వడం మన దగ్గర అలవాటు. ఎసిట్రోమ్ వేసుకునేవారికి అది ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా వద్దు, పారాసిటమాల్ చాలు. చీటీలో ఏమేం ఉన్నాయో చూడండి.

కట్టమంచి వాసి:
అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ రెండూ ఉన్నాయండీ. మొన్నటి నుంచి వేసుకుంటోంది.

బైరాగిపట్టెడ పళ్ల డాక్టరు:
అయితే రేపటిదాకా ఆగకండి, ఈరోజే ఐఎన్‌ఆర్ చేయించి, ఆ అంకెతో గుండె డాక్టరుకు ఫోను చేయండి. మెట్రోనిడజోల్ సంగతీ ఆయనతోనే తేల్చుకోండి. మూత్రం ఎర్రగా, మలం నల్లగా వచ్చినా, వాపు మెడలోకి దిగినా, మింగలేకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకువెళ్లండి. ఇప్పటికే అమాక్సిసిలిన్ వాడుతున్నారు కాబట్టి, పన్ను తీసే ముందు ఇచ్చే మోతాదు వేరే తరగతి మందు కావాలి. తీసే డాక్టరుకు ఈ మాట మీరే గుర్తుచేయండి.