దేశం దాటిపోయిన సొమ్ముకు ప్రజలెందుకు బాకీ తీర్చాలి?

వేకువ:
పేద దేశం పేరిట తెచ్చిన అప్పు పాలకులు, వారి ఆప్తుల విదేశీ ఖాతాలకు చేరితే, దాన్ని ప్రజలు తీర్చాలా? అక్కర్లేదంటాను. మొజాంబిక్‌లో 2013, 2014లలో చేపల వేట, తీర రక్షణ పేరుతో ప్రభుత్వ కంపెనీలు సుమారు 200 కోట్ల డాలర్లు అప్పు తెచ్చాయి. పార్లమెంటు ఆమోదం లేకుండానే ప్రభుత్వం హామీ ఇచ్చింది. 2016లో గుట్టు బయటపడగానే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) సాయం ఆపింది, కరెన్సీ కుప్పకూలింది. ఈ కుంభకోణంలో మాజీ ఆర్థిక మంత్రి మాన్యుయెల్ చాంగ్‌ను 2024లో న్యూయార్క్ జ్యూరీ దోషిగా తేల్చింది. లంచాలు తిన్నది కొందరు. పెరిగిన ధరలకు నలిగింది ఆ అప్పు పేరైనా వినని జనం.

తులాభారం:
కట్టబోమంటే రేపు అప్పు పుట్టదు. 2020 నవంబరులో జాంబియా బాండ్ల వడ్డీ చెల్లించలేక చేతులెత్తేసింది. రుణదాతలతో ఒప్పందాలకు ఏళ్లు పట్టింది, ఆ కష్టం పడిందీ జనమే. పైగా దేశం దాటేదంతా దొంగ సొమ్ము కాదు. కరెన్సీ విలువ పడిపోతుందన్న భయంతో కష్టార్జితాన్ని డాలర్లలో దాచుకునే వ్యాపారులూ ఉంటారు.

వేకువ:
ఉంటారు. కానీ ఆ భయాన్ని పెంచేదీ అప్పే. బాకీలు పేరుకుంటే పన్నులు పెరుగుతాయని, కరెన్సీ పడిపోతుందని ఊహించి ముందే సొమ్ము తరలిస్తారు. దాంతో విదేశీ మారకం తరిగిపోయి, ప్రభుత్వం మళ్లీ అప్పుకే వెళ్తుంది.

నా అసలు అభ్యంతరం అప్పిచ్చినవారి మీద. 1978లో ఐఎంఎఫ్ జైర్ (నేటి డీఆర్ కాంగో) కేంద్ర బ్యాంకుకు ఎర్విన్ బ్లూమెంథాల్ అనే జర్మన్ అధికారిని పంపింది. ఆ దేశానికిచ్చిన అప్పులు తిరిగొచ్చే అవకాశమే లేదని ఆయన 1982 నివేదికలో రాశారు. అయినా అక్కడి నియంత మొబుటు ప్రభుత్వానికి అప్పులు ఆగలేదు. 1997లో ఆయన గద్దె దిగేనాటికి దేశం నెత్తిన వెయ్యి కోట్ల డాలర్లకు పైగా బాకీ మిగిలింది. తెలిసి తెలిసి ఇచ్చినవారు నష్టంలో వాటా ఎందుకు మోయకూడదు?

నీలిసిరా:
మోయాలి. అయితే ఒక్కో దేశం ఒంటరిగా ఎగవేత ప్రకటిస్తే తులాభారం గారు చెప్పిన గతే పడుతుంది. ఈ అప్పుపత్రాల్లో అత్యధికం ఇంగ్లండ్ లేదా న్యూయార్క్ చట్టాల కిందే రాస్తారు, కాబట్టి మార్పు అక్కడ రావాలి. పేద దేశాల పాత బాకీలను చవగ్గా కొని పూర్తి మొత్తానికి దావా వేసే నిధులకు బ్రిటన్ 2010 చట్టంతో కళ్లెం వేసింది. ఆ తర్వాత పేద దేశాలకు అప్పు పుట్టడం ఆగిపోలేదు. పార్లమెంటు ఆమోదం లేని, బహిరంగంగా నమోదు కాని రుణాన్ని తమ కోర్టుల్లో వసూలు చేసుకునే వీల్లేదని ఆ రెండు చోట్లా చట్టం తెస్తే, అప్పిచ్చే బ్యాంకే సంతకానికి ముందు ఆమోద పత్రం అడుగుతుంది.